మనశ్శాంతి రాకుండా ముందుజాగ్రత్తలు

ఫిల్మ్‌నగర్‌లో కొత్తగా అడుగుపెట్టినవాళ్ళకి కథ ఎలా చెప్పాలో, ఫొటోలు ఎవరి ఆఫీసులో ఇవ్వాలో చెప్పేవాళ్ళు గల్లీకి పదిమంది ఉన్నారు. ఆందోళన ఎలా పడాలో చెప్పేవాళ్ళు మాత్రం లేరు. అది దానంతటదే వస్తుందని అందరి నమ్మకం. వస్తుంది, కాదనను. కానీ నిలవదు. రెండు రాత్రులు ఒళ్ళెరక్కుండా నిద్రపోయి, ఓ ఆదివారం ఊరికే కూర్చుంటే సగానికి సగం కరిగిపోతుంది. పైకి రావాలనుకునేవాడు అంత విలువైన సరుకుని అలా చేజార్చుకోకూడదు. అందుకే ఈ నాలుగు ముక్కలు. కృష్ణానగర్ గదిలో చాప మీద పడుకునే అసిస్టెంట్ డైరెక్టర్‌కీ, జూబ్లీ హిల్స్‌లో మేడ కట్టుకున్న నిర్మాతకీ ఇవి ఒకేలా పనిచేస్తాయి. మందు ఒకటే, డోసే వేరు.

ముందుగా ఒక అపోహ వదిలించుకోండి. ఆందోళన పనికి అడ్డం అని చదువుకున్నవాళ్ళు అంటుంటారు. ఇక్కడ ఆందోళనే పని. సెట్లో ఓ మూల కుర్చీ వేసుకుని నిదానంగా టీ తాగుతున్న కో-డైరెక్టర్‌ని చూసి, ఈయన రాత్రే అన్నీ సర్దిపెట్టుకున్నాడు కాబోలు అని ఎవరూ అనుకోరు. ‘ఏంటి గురువుగారూ, ఖాళీయా?’ అంటారు. అదే మనిషి చొక్కా తడిసేలా అటూ ఇటూ పరుగెత్తి, ఒక చెవిలో ఫోన్ పెట్టుకుని, కనిపించిన ప్రొడక్షన్ బాయ్ మీదల్లా అరిస్తే, ‘పాపం, సినిమా మొత్తం ఆయన మీదే నడుస్తోంది’ అంటారు. కాబట్టి మీ పని ముందే అయిపోతే ఆ సంగతి పైకి పొక్కనివ్వకండి. జూనియర్ ఆర్టిస్టుల బస్సు వేళకే వచ్చినా ‘వచ్చిందా, వచ్చిందా’ అని ముగ్గురికి ఫోన్ కొట్టండి. ఆ ముగ్గురూ ఇంకో ముగ్గుర్ని కంగారు పెడతారు. సెట్టుకో కళ వస్తుంది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అనే సామెతని పెద్దలు వెటకారానికి పుట్టించారు. మనం దాన్ని పనిపద్ధతిగా మార్చుకున్నాం. కథ ఇంకా ఒక్క లైను దగ్గరే ఉంటుంది. ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో తెలీదు. అయినా హీరో డేట్ల గురించి దిగులు మొదలుపెట్టండి. డేట్లు దొరికితే ఫైనాన్స్ గురించి, ఫైనాన్స్ దొరికితే వడ్డీ గురించి. నైజాం ఎవరు కొంటారు, సీడెడ్‌లో రేటు పలుకుతుందా, ఓటీటీ వాళ్ళిచ్చిన తేదీకీ సంక్రాంతికీ పొంతన కుదురుతుందా, సక్సెస్ మీట్‌లో ఎవరి పేరు మర్చిపోతే ఎవరు అలుగుతారు... ఇలా తెల్లవార్లూ ఆలోచించాక కథ ఇంకా ఆ ఒక్క లైను దగ్గరే ఉంటుంది. బాధపడకండి. రేపు రాత్రికి అదే ముడిసరుకు.

ఇక ఫోన్. ‘మేమే కబురు చేస్తాం’ అన్న మాట ఒకసారి చెవిన పడ్డాక ఫోన్ మీ ఒంట్లో భాగమే అనుకోండి. స్నానానికి వెళ్ళినా సబ్బుపెట్టె పక్కన ఉండాలి. పెద్దమ్మ గుడికి వెళ్ళినా తీర్థం ఒక చేత్తో పుచ్చుకోవాలి, రెండో చేతిలో ఫోన్ ఉంటుంది కాబట్టి. మోగకపోయినా మోగినట్టు అనిపించే దశ ఒకటి వస్తుంది. ఆ రోజు మీరు పరిశ్రమ మనిషి అయినట్టు లెక్క. అవతలివాళ్ళు ఫోన్ ఎత్తకపోతే దానికి ఒకే ఒక్క అర్థం తీయండి: మిమ్మల్ని తీసేశారు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే, మిమ్మల్నే కాదు, మీ కథని కూడా తీసేసుకున్నారు. ఆయనకి ఒంట్లో బాగోలేదేమో, ఆయన కూడా ఇంకెవరి కబురు కోసమో ఎదురుచూస్తున్నాడేమో అన్న ఆలోచన దగ్గరికి రానివ్వకండి. అలాంటి ఆలోచనల వల్లే మనుషులు కుదుటపడతారు.

ఎవరైనా ‘కాస్త విశ్రాంతి తీసుకోవయ్యా’ అంటే వాళ్ళ ముందు హీరో కృష్ణగారి లెక్క పడేయండి. 1972లో ఆయనవి ఒక్క ఏడాదిలో 18 సినిమాలు విడుదలయ్యాయి. రోజుకి మూడు షిఫ్టులు చేసేవారని పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ మాటతో ఎదుటివాడి నోరు మూతపడుతుంది. లెక్కలో రెండో సగం మాత్రం ఎత్తకండి. ఏడాదికి 18 సినిమాలంటే ఏడాదికి 18 సార్లు ఓ బెంగ తీరిపోవడం. శుక్రవారం రాగానే ఆ సినిమా సంగతి అటో ఇటో తేలిపోయేది, మనిషి ఇంకోదానికి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు ఆ సౌకర్యం తీసేశాం. ‘ఆర్ఆర్ఆర్’ షూటింగ్ 2018 నవంబరులో మొదలైంది. ముందు 2020 జులై 30న విడుదల అన్నారు. తర్వాత 2021 జనవరి 8 అన్నారు. తర్వాత అక్టోబరు 13. తర్వాత 2022 జనవరి 7. చివరికి 2022 మార్చి 25న వచ్చింది. మధ్యలో కరోనా ఉంది, ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ యూనిట్‌లో చివరి వరసలో పనిచేసిన ఒక అసిస్టెంట్‌ని ఊహించుకోండి. వాయిదా పడ్డ ప్రతి తేదీకీ అతను కొత్తగా భయపడి ఉంటాడు. ఒకే బెంగని అన్నేళ్ళు మోయడం పాత తరానికి చేతనైన విద్య కాదు.

నిద్ర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అమెరికాలో ప్రీమియర్లు పడే గురువారం రాత్రి నిద్రపోయే నిర్మాతని దేవుడు కూడా క్షమించడు. డల్లాస్‌లో ఫస్టాఫ్ అయిందట, న్యూజెర్సీలో సెకండాఫ్ ల్యాగ్ అంటున్నారట అని ఎవరో ఒకరు మెసేజ్ పెడుతూనే ఉంటారు. ఆ మెసేజ్ చదివితే సినిమా మారదు. అయినా చదవాలి. దానికి ముందు వారం ఎలాగూ ఎవరూ పడుకోరు. ఎడిటింగ్ గదిలో ఒకడు, డీఐలో ఒకడు, రీరికార్డింగ్ దగ్గర ఒకడు, థియేటర్లకి సినిమా పంపే క్యూబ్‌కి కంటెంట్ ఎక్కేదాకా రెప్ప వాల్చరు. నెల ముందే అయిపోవాల్సిన పని చివరి రాత్రికి ఎందుకు మిగిలిందని మాత్రం అడగకూడదు. అది అనవసరమైన ప్రశ్న.

నిద్ర మీద పరిశోధనలు చేసే మ్యాథ్యూ వాకర్ బృందం 2007లో ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించింది. రాత్రి నిద్ర లేకుండా ఉంచినవాళ్ళకి మనసు నొచ్చే బొమ్మలు చూపిస్తే, మెదడులో భయాన్నీ కోపాన్నీ చూసుకునే అమిగ్డాలా అనే భాగం, నిద్రపోయినవాళ్ళ కంటే 60 శాతం ఎక్కువగా ఎగిసిపడిందట. దాన్ని అదుపులో పెట్టే ముందుభాగం పట్టు కూడా సడలిందట. సైంటిస్టులకి ఇది హెచ్చరికలా కనిపించింది. మనకి ఇదే రెసిపీ. ఉప్మాలో జీడిపప్పు తక్కువైందని పళ్ళెం విసిరికొట్టే శక్తి మామూలుగా నిద్రపోయే మనిషికి రాదు. విసిరినవాడు హీరో స్థాయివాడైతే ‘సార్‌కి సినిమా అంటే ప్రాణం’ అంటాం. ప్రొడక్షన్ బాయ్ విసిరితే మర్నాటినుంచి అతనికి కాల్ ఉండదు. పళ్ళెం మాత్రం ఎవరు విసిరినా ఒకేలా పగులుతుంది.

నడక ఆరోగ్యానికి మంచిదంటారు కాబట్టి కేబీఆర్ పార్కుకి వెళ్ళండి, తప్పు లేదు. 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించిన చోటు, 350 ఎకరాలకు పైనే ఉంటుంది, నెమళ్ళు తిరుగుతుంటాయి. ఇంత పచ్చదనం మధ్య ఊరికే నడిస్తే మాత్రం ప్రమాదం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరికైనా సెకండాఫ్ నేరేషన్ ఇస్తూ నడవండి. ఎదురుగా నడిచొచ్చే పెద్ద నిర్మాత మొహంలో నవ్వు ఉందా లేదా, ఉంటే ఎంత ఉంది, నిన్నటికంటే తగ్గిందా అన్నది లెక్కపెట్టుకుంటూ ఉండండి. నెమలి అడ్డొస్తే తప్పుకోండి. చూడకండి.

జూబ్లీ హిల్స్ రోడ్ నంబర్ 45 కాఫీ షాపుల్లో కూర్చోవడం తీరిక కిందికి వస్తుందని కొందరి అనుమానం. రాదు, నిశ్చింతగా వెళ్ళండి. పక్క టేబుల్ మీద చెప్తున్న కథ మీ కథలాగే వినిపించి తీరుతుంది.

ఇక్కడొక తెలివైనవాడు అడ్డుపడి అడుగుతాడు: సినిమావాళ్ళకి ఖాళీకేం తక్కువ, షూటింగులు లేని రోజులే ఎక్కువ కదా, అప్పుడు హాయిగా ఉండొచ్చుగా? మంచి ప్రశ్నే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షూటింగులన్నీ ఆగాయి. లైట్‌మెన్, సెట్ వర్కర్లు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, అందరికీ ఒక్కసారిగా కావలసినంత సమయం దొరికింది. ఆ సమయంలో వాళ్ళ ఇళ్ళకి బియ్యం, పప్పు పంపడానికి చిరంజీవి ముందుండి కరోనా క్రైసిస్ చారిటీ పెట్టాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో కార్మికులు 30 శాతం వేతనం పెంచమని అడిగారు, రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచిపోయాయి, చివరికి మూడేళ్ళలో విడతలవారీగా 22.5 శాతానికి ఒప్పందం కుదిరింది. ఆ రెండు వారాలూ కృష్ణానగర్‌లో ఎవరూ తెల్లవారకముందే లేచి వ్యాను కోసం నిలబడనక్కర్లేకపోయింది. అయినా ఎవరికీ కంటినిండా నిద్ర పట్టి ఉండదు. రోజు కూలి మీద బతికేవాడికి పని లేని రోజు సెలవు కాదు, ఇంకో అప్పు. ఇంటద్దె ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. కాబట్టి ఈ వర్గానికి నా సలహాల అవసరమే లేదు. పని ఉంటే తల గోక్కునే తీరిక ఉండదు, పని లేకపోతే తల పట్టుకుని కూర్చోవడం. మధ్యలో విశ్రాంతి అనే గది కట్టనే లేదు.

నా సలహాలు కావలసింది ఆ గది కట్టుకునే స్తోమత ఉండీ కట్టుకోనివాళ్ళకి.

వాళ్ళ కోసం అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇప్పుడు చెబుతున్నాను. సినిమాని సినిమాలా చూడటం మానేయండి. మీరు భీమవరం నుంచో, కరీంనగర్ నుంచో ఈ ఊరికి ఎందుకొచ్చారో ఒకసారి గుర్తు తెచ్చుకుని, వెంటనే మర్చిపోండి. టికెట్ దొరకడమే పండగైన రోజులు, కటౌట్‌కి కట్టిన దండల వాసన, పాటకి ఎగిరిన కాగితాలు, బయటికొచ్చాక రెండు రోజులు దిగని మత్తు. అది తీరిక. మీ బతుకులో మీకు దొరికిన మొట్టమొదటి తీరిక అదే. దాన్ని పని కింద మార్చేయండి, అంతే, మీకిక విశ్రాంతి తీసుకోవడానికి లోకంలో చోటే ఉండదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్‌కో దేవికో వెళ్తే తెర వైపు తక్కువ చూడండి, జనం వైపు ఎక్కువ చూడండి. ఈల ఎక్కడ పడింది, ఫోన్లు ఎక్కడ తీశారు, ఇంటర్వెల్‌కి లేచినవాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయి అని నోటు రాసుకోండి. సినిమా బాగుంటే మీకు అసూయ వస్తుంది. బాగోలేకపోతే ‘ఇలాంటివాటికి డబ్బులు పెడతారు, మనకి పెట్టరు’ అని ఏడుపొస్తుంది. బాగుంటే బాగుందని నవ్వడం అనే మూడో దారి మూసుకుపోయేదాకా సాధన చేయండి.

ఈ సాధన బాగా చేసినవాళ్ళని సిట్టింగుల్లో గుర్తుపట్టొచ్చు. కామెడీ సీను చెబుతుంటే అందరూ పగలబడి నవ్వుతారు. ఒకాయన మాత్రం మొహంలో ఏ మార్పూ లేకుండా ‘బాగుంది, వర్కవుట్ అవుతుంది’ అంటాడు. ఆయన కూడా ఒకప్పుడు నవ్వినవాడే. ఇప్పుడు నవ్వు రాక కాదు, దాన్ని లోపలే జోకుగా రాసుకుని పక్కన పెట్టేస్తాడు. ఇలాగే కోపం, జాలి, ప్రేమ అన్నీ ఒక్కొక్కటిగా సీన్లయిపోతాయి. ఇంట్లో భార్య ఏడిస్తే, ఈ మాట హీరోయిన్ చేత అనిపించొచ్చు అని తడుతుంది. దీన్నే డాక్టర్లు భావాలు మొద్దుబారడం అంటారు. మనం అనుభవం అంటాం.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు నిజం చెప్పకండి. ‘ఏరా, ఏం చేస్తున్నావు?’ అని అమ్మ అడిగితే ‘డిస్కషన్స్‌లో ఉన్నానమ్మా’ అనాలి. నెలల తరబడి ఏ డిస్కషనూ లేకపోయినా అదే అనాలి. గదిలో తోటివాళ్ళు ఐదుగురు ఉంటారు. ఐదుగురికీ అదే దిగులు, ఐదుగురూ ఆ దిగుల్ని దిండు కింద దాచుకుని ‘సూపర్ అన్నా, రేపో ఎల్లుండో ఓకే అయిపోద్ది’ అని పడుకుంటారు. ఒక్కడు నోరు విప్పి ‘నావల్ల కావట్లేదురా’ అన్నాడో, మిగతా నలుగురికీ ఊరటగా ఉంటుంది. ఆ నష్టం పూడ్చలేం.

థామస్ బోర్కోవెక్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త. 1983లో ఆయన బృందం ఓ విచిత్రమైన ఉపాయం పరీక్షించింది. దిగులు మానేయమని చెప్పలేదు. రోజూ ఒకే వేళకి, ఒకే చోట, అరగంట కూర్చుని దిగులుపడమంది. మిగతా వేళల్లో దిగులు గుర్తొస్తే, నీ వంతు సాయంత్రం అని వాయిదా వేయమంది. అలా చేసినవాళ్ళకి రోజు మొత్తం మీద దిగులు తగ్గిందట. కాల్షీట్ పద్ధతి అన్నమాట. అరగంట కాల్షీటు, తర్వాత ప్యాకప్. వాయిదా వేయడం మన రక్తంలోనే ఉంది, రిలీజులకి వేసిన అలవాటే, కాబట్టి మనవాళ్ళకి ఇది ఇట్టే పట్టుబడే ప్రమాదం ఉంది. అందుకని దీన్ని ఎవరికీ చెప్పకండి. దిగులుకి వేళ పెట్టకండి. దానికి ట్వంటీఫోర్ క్రాఫ్ట్స్‌లోనూ ప్రవేశం ఉండాలి.

ఎనిమిది గంటల పని గురించి 2025లో పెద్ద రభస అయింది. దీపికా పదుకొణె ఎనిమిది గంటలే పనిచేస్తానన్నారన్న వార్తతో మొదలై, న్యాయమా అన్యాయమా అని పత్రికలు, టీవీలు నెలల తరబడి వాదించుకున్నాయి. ఆ చర్చలో మీరు ఏ పక్షమైనా తీసుకోండి, ఒక్కటి మాత్రం పట్టించుకోకండి: తారల గంటల గురించి అంత మాట్లాడుకున్నాం గానీ, తార కంటే ముందొచ్చి తార వెళ్ళాక కేబుళ్ళు చుట్టే మనిషి గంటల గురించి అంతలో పదోవంతు మాట్లాడుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క బయటపెట్టాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. ఇవి చదివి భయపడితే, ఆ భయాన్ని కూడా ఖాతాలో జమ చేసుకోండి. పని గంటలు మాత్రం తగ్గించకండి.

క్రమశిక్షణ తప్పినవాళ్ళూ ఉన్నారు. సమంత 2022 అక్టోబరులో తనకి మయోసైటిస్ అనే జబ్బు ఉందని నలుగురికీ చెప్పేశారు. 2023లో సినిమాలకి విరామం తీసుకున్నారు. ఒంట్లో బాగోలేదని చెప్పడమే ఒక తప్పు, విరామం తీసుకోవడం రెండో తప్పు. ఆవిడకి ఆ ధైర్యం ఆవిడ స్థాయి వల్ల వచ్చిందని సర్దిచెప్పుకోండి. అందులో కొంత నిజం ఉంది కూడా. రేపటి కాల్ పోతుందేమోనన్న భయం లేనివాళ్ళే ఇవాళ నిజం చెప్పగలరు. ఆ భయం అందరికీ పోవాలంటే ఏం చేయాలన్న ఆలోచన వస్తే, లేచి ఓ గ్లాసుడు మంచినీళ్ళు తాగండి, పోతుంది.

ఆఖరిది, కాస్త సున్నితమైనది. మన సినిమాల్లో దశాబ్దాలుగా నడుస్తున్న ఒక జోకు ఉంది. పాత్ర కొంచెం తేడాగా మాట్లాడితే ‘వీణ్ణి ఎర్రగడ్డ తీసుకెళ్ళండ్రా’ అంటారు, హాలు నవ్వుతుంది. ఆ జోకుని కాపాడుకోండి, ప్రతి సినిమాలో ఒకటి పెట్టండి. ఆ నవ్వు వల్లే నిజంగా అవసరమున్నవాడు అక్కడి ఓపీ గేటు దాకా వెళ్ళి కూడా, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని తల దించుకుని వెనక్కి తిరిగొచ్చేస్తాడు. రాసింది మనమే. మన సీను మనకే అడ్డం నిలబడటం చిన్న సంగతి కాదు.

కాబట్టి ఇవి రెండూ మీకు తెలిసినా తెలియనట్టే ఉండండి. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే అక్కణ్ణుంచి మూడో స్టేషన్. అంత దూరం కూడా వెళ్ళలేకపోతే 14416 అని ఒక నంబరు ఉంది, టెలి మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఏ వేళప్పుడు చేసినా ఎత్తుతారు, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.